బొటనవేలంత ఖాళీ

ఏడుగురు తండ్రుల పేర్లా? ఇంతేనా? దానికి ఫోన్ చేస్తే సరిపోయేదిగా అక్‌బోతా, ఇంత మంచులో బస్సెక్కి రావాలా? సరే, వచ్చావుగా, ఆ పొయ్యి పక్కకి జరిగి కూర్చో. టీలో ఉప్పు చాలకపోతే వేసుకో. పెళ్ళివారు అడిగారా? అడుగుతారు మరి. అడక్కపోతే నేనే వాళ్ళని అనుమానించేవాణ్ణి. ఏడు తరాల్లో ఎక్కడ ఒక్క పేరు కలిసినా అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క, వచ్చిన దారినే వెళ్ళిపోవాలి. మీ నాన్నని అడగలేదా? అడిగావా. ఏమన్నాడు? 'మా పెద్దనాన్ననే అడుగు' అన్నాడా. ఊఁ. అలాగే అంటాడులే. నలభై ఏడేళ్ళొచ్చినా ఆ మాట దగ్గరికొచ్చేసరికి చెప్పులేసుకుని బయటికి పోతాడు.

రాసుకో. ఒకటి, దౌలెత్. మీ నాన్న. రెండు, మర్దాన్. మీ తాత. మూడు... ఆగు. పెన్ను కింద పెట్టు. మీ తాత నీకు గుర్తున్నాడా? వాడు పోయేనాటికి నీకు ఏడేళ్ళు. ఏం గుర్తుంది? చేతులా? చేతులకి ఎప్పుడూ మట్టి ఉండేదా? ఉంటుంది మరి, పొయ్యిలు కట్టేవాడు కదా. ఇప్పుడు నువ్వు వీపు ఆనించి కూర్చున్నావే, అది వాడు కట్టిందే. ఈ ఊళ్ళో సగం ఇళ్ళకి వాడే కట్టాడు. ఇటుక చేత్తో పట్టుకుని ఇలా తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. 'ఏంట్రా, అది నీతో మాట్లాడుతుందా' అనేవాణ్ణి. 'నీకంటే నయం అన్నా, అడిగినదానికే జవాబిస్తుంది' అనేవాడు. వాడి నోరు అలాంటిది. నన్నొక్కణ్ణే అనేవాడులే. ఊళ్ళో ఎవర్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదు.

వాడు మా అమ్మ కడుపున పుట్టలేదు. నీకు తెలుసా? తెలియదూ. నీ ముఖం చూస్తే తెలుస్తోందిలే. టీ తాగు.

మేం అప్పుడు అటు, మంగోలియా కొండల్లో ఉండేవాళ్ళం. నేను పుట్టిందీ అక్కడే. మా డేరాకి కూతవేటు దూరంలో ఉరియాంఖాయ్ తెగవాళ్ళ జంట ఒకటి ఉండేది. మన భాష కాదు, మన మతం కాదు, అయినా గుర్రం తప్పిపోతే వాళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు, గొర్రె కోస్తే మేం పంపేవాళ్ళం. ఆ చలికాలం గొంతు జబ్బు తగిలింది. మూడో రోజు పొద్దున మా నాన్న కబ్దోల్ చూశాడట, వాళ్ళ డేరా మీద పొగ లేదు. వెళ్తే ఇద్దరూ బిగుసుకుపోయి ఉన్నారు. ఆమె కోటు మాత్రం కదులుతోంది. విప్పితే లోపల వీడు. నాన్న వాణ్ణి తన కోటులో పెట్టుకుని తెచ్చాడు. నాకప్పటికి ఏడాదిన్నర, ఇంకా పాలు తాగుతున్నాను. మా అమ్మ నన్ను లాగి అవతల కూర్చోబెట్టి వాణ్ణి రొమ్ముకి పెట్టుకుందట. 'ఆ రోజు మొదలుపెట్టిన ఏడుపు నువ్వింకా ఆపలేదురా' అని పోయేదాకా వెక్కిరించేది నన్ను.

మా నాన్న ఏదీ చాటుగా చేసే మనిషి కాదు. గొర్రెని కోసి, చుట్టుపక్కల పెద్దల్ని పిలిచి, అందరి ముందూ గొర్రె కాలి ఎముక వాడి పిడికిట్లో పెట్టాడు. మనలో పెంచుకునే బిడ్డకి అదే కదా పద్ధతి. పట్టుకున్నాడట గట్టిగా. పాలు తాగే పసివాడికి ఏం తెలుస్తుంది, ఏది పెట్టినా పట్టుకుంటాడు. 'పట్టుకున్నాడు, చూశారుగా, ఇక నా కొడుకు' అన్నాడు నాన్న. ఆ ఎముక గుడ్డలో చుట్టి మా డేరాలో వేలాడదీశారు. వాడికి మాట వచ్చింది మన మాటే. నమాజు నేర్చుకున్నదీ నా పక్కన నిలబడే. ఏడుగురి పేర్లు నాకంటే ముందే నేర్చాడు. నాకు ఐదో పేరు దగ్గర ఎప్పుడూ నత్తి వచ్చేది, వెనకనుంచి గొణిగి అందించేవాడు.

ఏం చెబుతున్నాను... ఆఁ, తోలు. మా నాన్న మేకతోలు మీద వంశమంతా గీసి ఉంచాడు. కాండం, కొమ్మలు, కొమ్మకో పేరు. మర్దాన్ పేరూ రాశాడు, నా పేరు పక్కనే. కానీ ఆ కొమ్మని కాండానికి కలపలేదు. ఇదిగో, బొటనవేలంత ఖాళీ వదిలాడు. ఎందుకు నాన్నా అంటే, 'రేపు వీడి రక్తంలో పిల్లే వీడికి ఎదురైతే? తెలియక సొంతవాళ్ళనే చేసుకుంటే? ఆ పాపం నా మెడకి చుట్టుకుంటుంది' అన్నాడు. అది ప్రేమతో వదిలిన ఖాళీయే తల్లీ. మా తెగలోనూ చేసుకోకూడదు, పాలు కలిశాయి కనక. పుట్టుక తెలియని వైపూ జాగ్రత్తగా ఉండాలి. వాడికి పిల్లని వెతకడానికి నాన్న మూడు జిల్లాలు తిరిగి మీ నాయనమ్మ కుల్పాన్‌ని తెచ్చాడు. 'రాజుగారి కొడుక్కి కూడా ఇంత వెతకరు' అనేది మా అమ్మ.

తొంభై రెండులో ఇటు వచ్చాం. రేడియోలో చెప్పారు, మన జాతికి సొంత దేశం వచ్చింది, మీ తండ్రుల నేల మీది, రండి అని. నలభైమందిమి, నాలుగు లారీలు. మీ నాన్న కుర్రాడు, లారీ పైకెక్కి కూర్చుని పాడుతూనే ఉన్నాడు. ఈ ఇల్లు అప్పుడు ఎమ్మాది. జర్మన్ ఆవిడ. వాళ్ళ తాతముత్తాతల రక్తం చూసి జర్మనీ రమ్మంది. ఆవిడ పుట్టిందీ ఇక్కడే, మొగుణ్ణి పూడ్చిందీ ఇక్కడే, ఆ దేశం మొహం ఎన్నడూ చూడలేదు. వెళ్ళే రోజున పెరట్లో బంగాళదుంపల మడి పక్కన కూర్చుని లేవదే. మర్దానే చెయ్యిచ్చి లేపాడు. వాడికి రష్యన్ రాదు, ఆవిడకి మన భాష సగమే వచ్చు. అయినా ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. మా నాన్న తోలు వల్ల నేను లోపలికి, వాళ్ళ నాన్న కాగితం వల్ల ఆవిడ బయటికి. నాకప్పుడు అందులో తప్పేమీ కనిపించలేదు. నిజం చెబుతున్నా. రక్తమే కదా పిలిచింది నన్ను, అది తప్పని ఏ నోటితో అంటాను?

పౌరసత్వం కోసం జిల్లా ఆఫీసుకి వెళ్ళాల్సిన రోజు పొద్దున, ఇదే గదిలో టీ తాగుతున్నాం. తోలు గోడమీంచి దింపి మడతపెడుతున్నాను. మర్దాన్ మెల్లిగా అన్నాడు, 'అన్నా, అది తేకపోతేనేం? నా దగ్గర పుట్టిన కాగితం ఉంది, తండ్రి కబ్దోల్ అని ఉంది, అది చాలదూ?' అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నలభైమందికి పెద్దని, నా వంశం చూపించకుండా వట్టి చేతులతో వెళ్ళాలా? వాడు, 'పోనీ ఆ ఖాళీ కలిపెయ్. సిరాచుక్క పని. నాన్న ఏమీ అనుకోడు' అన్నాడు. జీవితంలో వాడు నన్ను అడిగింది అదొక్కటే. నేనేమన్నానో తెలుసా? 'నాన్న గీసిన గీత మీద నేను చెయ్యి పెట్టనురా. మనం దొంగలమా?' అన్నాను. వాడు టీగిన్నె బోర్లించి లేచాడు. 'సరే అన్నా' అన్నాడు.

ఆఫీసులో ఒక కుర్రవాడు, ముప్ఫై దాటలేదు, మెడకి టై. మన భాష తడుముకుంటూ మాట్లాడేవాడు, మాటమాటకీ రష్యన్‌లోకి జారేవాడు. మర్దాన్‌ని నిలబెట్టి ఏడుగురు తండ్రులు చెప్పమన్నాడు. వాడు ఏడుతో ఆగలేదు, పదమూడు చెప్పాడు, ఎవరు ఏ వాగు ఒడ్డున గొర్రెలు కాశారో కూడా చెప్పాడు. ఆ కుర్రవాడు కలం ఆపి వింటున్నాడు. అయిపోయింది, రాసేస్తున్నాడు. అప్పుడు నేను, ఈ మూర్ఖుణ్ణి, తోలు తీసి బల్లమీద పరిచాను. ఎవరడిగారు నన్ను? చూడు బాబూ, మావి నోటిమాటలు కావు అన్నాను. ఆ కుర్రవాడు వేలు పెట్టుకుంటూ వచ్చి ఆ ఖాళీ దగ్గర ఆగాడు. 'పెద్దాయనా, ఈ కొమ్మ విరిగిందేంటి?' అన్నాడు.

చెప్పాను. మొత్తం చెప్పాను. పొగ లేని డేరా, కోటులో బిడ్డ, పాలు, మా నాన్న నిజాయితీ. చెబుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఇది విన్నవాడు లేచి నిలబడి మా నాన్నకి దండం పెడతాడనుకున్నాను. వాడు అంతా విని, 'అంటే రక్తసంబంధం లేదన్నమాట' అన్నాడు. స్కేలు తీసుకుని తన జాబితాలో మర్దాన్ పేరు మీద గీత గీశాడు. చాలా శుభ్రంగా గీశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ ఏడుగురు ఎవరో చెప్పు చూద్దాం అన్నాను. నాలుగో పేరు దగ్గర ఆగిపోయి, 'మా అమ్మని అడగాలి' అన్నాడు. ముగ్గురు తెలిసినవాడు ఈ దేశపు మనిషి, కుర్చీలో కూర్చున్నాడు. పదమూడు తెలిసినవాడు పరాయివాడు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

బయటికొచ్చాక మర్దాన్ నన్ను తిడతాడని చూశాను. తిట్టినా బాగుండేది. 'రొట్టె కొనుక్కుని వెళ్దాం అన్నా, కుల్పాన్ ఎదురుచూస్తుంటుంది' అన్నాడు, అంతే.

కుల్పాన్‌కి పౌరసత్వం వచ్చింది, మన రక్తమే కనక. తల్లి వైపునుంచి మీ నాన్నకి వచ్చింది. ముప్ఫైతొమ్మిదిమందికి వచ్చింది. వాడొక్కడికే రాలేదు. అటు మంగోలియా కాగితం ఇటు రావడానికి ముందే అందరితోపాటు వదిలేసుకున్నాడు. వెనక్కి పోదామన్నా లేదు. ఊళ్ళోవాళ్ళ సంగతి చూడు, పాస్‌పోర్టు ఉన్న నన్ను ఇరవై ఏళ్ళు 'ఏయ్ మంగోలూ' అనే పిలిచారు. వాణ్ణి మాత్రం మర్దాన్ అనేవాళ్ళు. ఇంటింటికీ పొయ్యి కట్టాడు మరి. ఎన్నికలనాడు బడి దగ్గర పాటలు పెడతారు కదా, అందరం మంచి బట్టలేసుకుని వెళ్ళేవాళ్ళం. వాడూ మంచి కోటు వేసుకునేవాడు. మేం లోపలికెళ్తే మా కోట్లన్నీ చేతులమీద వేసుకుని గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఎవరైనా 'నువ్వు వెయ్యవా మర్దాన్' అంటే, 'నాది మా అన్న వేస్తాడులే' అని నవ్వేవాడు. ఒక ఏడాది నేను లోపలికి వెళ్ళి కాగితం ఖాళీగా మడిచి పెట్టెలో వేసి వచ్చాను. వాడికి చెప్పలేదు.

మళ్ళీ వెళ్ళలేదా అంటావు. వెళ్ళాను. ఏడేళ్ళ తర్వాత, ఆ ఎముక తీసుకుని వెళ్ళాను. ఈసారి ఒక ఆవిడ ఉంది. గుడ్డ విప్పి బల్లమీద పెట్టాను. ఇది వాడి పిడికిట్లో పెట్టింది, పెద్దల ముందు, దీనికంటే పెద్ద సాక్ష్యం మనలో లేదు అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఎముకని రెండు చేతులతో తీసి చూసింది. 'తాతా, మా పెంపుడు మేనమామకీ ఇలాగే పెట్టారు. నాకు తెలుసు. కానీ ముద్ర దీని మీద ఎక్కడ వెయ్యను?' అంది. మళ్ళీ తనే గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఆ టైవాణ్ణి తిట్టుకుని బతికాను ఇన్నేళ్ళూ, ఈవిడ్ని ఏమని తిట్టను?

రెండువేల నాలుగు, మంచు కరుగుతున్న రోజులు. పొద్దున్నే ఛాతీ పట్టేసిందన్నాడు. కారు మాట్లాడాను, పట్నం ఆసుపత్రికి. వాడు చెప్పులు వేసుకోడే. 'వంతెన దగ్గర పోలీసులు ఆపుతారు అన్నా' అన్నాడు. ఆపితే నేను మాట్లాడతానురా అన్నాను. 'నువ్వా? నువ్వు మాట్లాడకు' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. 'పట్టుకుంటే పంపేస్తామంటారు. ఎక్కడికి పంపుతారు? అటువాళ్ళ పుస్తకంలోనూ నేను లేను. రేపు చూద్దాంలే' అన్నాడు. ఇదిగో, ఇక్కడే, ఈ పొయ్యికి వీపు ఆనించుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం కాకముందే పోయాడు. మీ నాన్న కారులోనే కూర్చుని ఉన్నాడు, వస్తాడు వస్తాడు అని.

గోరీ దగ్గర ముల్లా అడిగాడు, ఎవరి కొడుకు అని. కబ్దోల్ కొడుకు అన్నాను. పొగ లేని డేరా, కోటు, పాలు, ఏవీ చెప్పలేదు. రెండే మాటలు. ఆయన అలాగే చదివాడు. మరి ఆ రోజు ఆఫీసులో నా నోటికి ఏం రోగమొచ్చింది చెప్పు. ఇంతేగా చెప్పాల్సింది.

సరే, రాసుకో. రెండు, మర్దాన్. రాశావా? వాణ్ణి కన్న తండ్రి పేరు ఎవరికీ తెలీదు, తెలిసినవాళ్ళంతా ఆ చలికాలమే పోయారు. నిజం రాస్తే నీకు ఇద్దరే తండ్రులు తల్లీ. ఇద్దరితో ఏ పెళ్ళివారు ఊరుకుంటారు? అందుకని రాయి. మూడు, కబ్దోల్. నాలుగు, తుసిప్. ఐదు, ఓల్జబాయ్. చూశావా, నత్తి రాలేదు. ఆరు, మల్గజ్‌దార్. ఏడు, ఇతెమ్‌గెన్. తోలు ఫోటో తీసుకుంటావా? తీసుకో, అదిగో గోడమీద. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళు, ఇక్కడ చీకటి. కనిపిస్తోందా? ఏది? కొమ్మ దగ్గర ఆ నీలం గీతా. నాన్నది నల్లసిరా, పాతబడి ఎర్రబారింది. అది బజారులో కొన్న కలం. వాణ్ణి పూడ్చి వచ్చిన రోజు... చేతులు కూడా కడుక్కోలేదు నేను. పెళ్ళివారు అడుగుతారంటావా? అడిగితే...

ఆ పొయ్యిలో రెండు బొగ్గులు వెయ్యి తల్లీ. చల్లబడుతోంది.