చెయ్యి మరిచిన పిడి

విల్లులు చేసే మేస్త్రి దుకాణంలో, రంపపు పొట్టు మధ్య, దర్జీ గారు ఎడమచెయ్యి బారుగా చాచి నిలబడి అప్పటికి అరగంటయింది. గుప్పిట్లో విల్లు నడుమ పట్టుకునే కర్రపిడి. దానికి అటూ ఇటూ వంగే రెక్కలూ లేవు, నారీ లేదు, ఒట్టి పిడి.

"ఇంకా గుర్తుందా?"

"ఏది?"

"చేతిలో పిడి."

"ఉంది మేస్త్రీ గారూ. భుజం దాకా ఉంది."

"అయితే ఇదీ మీది కాదు. ఇలా ఇచ్చెయ్యండి. ఈ టేకుది పట్టుకోండి."

"ఇది నాలుగోది!"

"మా నాన్న ఒకాయన చేత ఇరవయ్యారు పట్టించాడు. చెయ్యి చాచండి. మా దుకాణంలో పద్ధతి ఒకటే. చేతిలో ఉన్నట్టు మరిచిపోవాలి. మరిచిపోయిందే మీది. గుర్తున్నంతసేపూ అది ఒట్టి కర్ర."

"బరువూ పొడుగూ చూసి ఇచ్చేస్తే పోదూ?"

"మీరు చొక్కాకి కొలతలు తీస్తారా, సంచీలా కుట్టి ఇచ్చేస్తారా?"

"కొలతలు తీస్తాను."

"మరుపే మా కొలత. ఒక పోస్ట్‌మేన్ ఇలాగే మరిచిపోయి, పిడి పట్టుకునే వీధులన్నీ తిరిగి ఉత్తరాలు పంచేసి వచ్చాడు. కుదరడమంటే అదీ! అవునూ, మీరు బాణాలు వెయ్యడం ఎన్నాళ్ల నుంచి?"

"చాలా... చాలా రోజులుగా."

"చాలా అంటే?"

"వేద్దామని చాలా రోజులుగా."

"ఓహో. కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా?"

"తను కుడి."

"తనెవరు?"

"నేనే."

"సరే, పిడి సంగతి వదిలెయ్యండి. ఏవైనా కబుర్లు చెప్పండి."

"పిడే గుర్తొస్తోంది."

"వానల గురించి చెప్పండి."

"పడట్లేదు."

"అయిపోయిందా? పోనీ, ఇంట్లో అందరూ బాగున్నారా?"

"గోడ బాగుంది."

"గోడేమిటి?"

"మా ఆవిడ మాట్లాడేది దాంతోనే. నెలా పది రోజులైంది. 'గోడా, పాలు విరిగిపోయాయి. గోడా, నేను బాణాల ఆట చూడ్డానికి మైదానానికి వెళ్తున్నాను, తలుపేసుకో' అంటుంది. తలుపేసేది నేను."

"గోడ ఏమంటుంది?"

"అదీ నా మీద అలిగినట్టే ఉంటోంది. నవ్వకండి."

"నవ్వట్లేదు. చెయ్యి దించకండి. ఏం చేశారు మీరు?"

"పొరపాటు. పొరపాటున కోశాను."

"ఏం కోశారు?"

"కర్రముక్క. కుట్టుమిషను ఊగుతోంది, కాలి కింద పెడదామని. మూలన ఏదో కర్ర కనబడింది..."

"ఏదో కర్రా?"

"నున్నగా, తేనెరంగులో..."

"మధ్యలో గుప్పెడంత మేర సన్నంగా?"

"ఆ... సన్నంగానే."

"నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉందా?"

"ఆ గుడ్డ సంగతి మాత్రం అడక్కండి!"

"అడుగుతున్నాను."

"అది గుడ్డ కాదండీ! చొక్కా చెయ్యి! మా పెళ్లిరోజుకని ఇరవై రోజులు కూర్చుని కుట్టాను తనకి. అంచంతా చిన్న చిన్న ఆకులు, చేత్తోనే. వేసుకుంది, మురిసిపోయింది, మర్నాడు పొద్దున్నే ఎడమచెయ్యి కత్తిరించేసింది!"

"నారి తగులుతుందండీ మరి."

"ఆవిడా అదే అంది! నా కత్తెరతోనే, నా ఎదురుగానే! కత్తిరించిన చేతిని తీసుకెళ్లి పిడికి తొడిగింది. అతికినట్టు సరిపోయింది మేస్త్రీ గారూ. ఇరవై మూడేళ్లుగా కుడుతున్నాను, నా బట్ట ఎవరికీ అంత బాగా కుదరలేదు."

"అసూయపడ్డారు."

"కర్ర మీద ఎవరైనా అసూయపడతారా?"

"పడ్డారా లేదా?"

"పడ్డాను! రోజూ సాయంత్రం ఒళ్లో పెట్టుకుని దానికి నూనె రాస్తుంది. వంగి వంగి కుట్టి నా మెడ పట్టేసింది, కాస్త తైలం రాసి ఎన్నాళ్లయిందో అడగండి! ఒళ్లు మండిపోయింది. తను ఇంట్లో లేనప్పుడు రంపం తెచ్చాను. సగం కోశాక ఆపుదామనుకున్నాను. సగంలో వదిలేస్తే మరీ అసహ్యంగా ఉంటుందని పూర్తిగా కోసేశాను."

"ఆవిడ వచ్చి చూశారు."

"చూసి నిలబడిపోయింది. 'అయ్యో, ఏదో కర్రనుకున్నాను, పొరపాటు' అన్నాను. అంతే. అప్పటి నుంచి గోడే. ఇల్లంతా తన గొంతు వినబడుతుంది, అందులో నాకని ఒక్క ముక్క ఉండదు. నిన్న తుమ్మాను. 'చిరంజీవ' అంది, గోడ వైపు తిరిగి! నావల్ల కాదండీ ఇంక. ఆవిడ తిట్టినా చాలు. చేటంత మొహం చేసుకుని కూర్చుని తిట్టించుకుంటాను."

"టైలర్ గారూ, చేతిలో ఏముంది?"

"ఎక్కడ? అయ్యో! ఇదింకా ఉందా?"

"పావుగంట నుంచి దాన్నే ఆడిస్తూ మాట్లాడుతున్నారు. కుదిరింది. మీదే."

"నాది కాదండీ. మా ఆవిడకి."

"అది మీరు 'తను కుడి' అన్నప్పుడే తెలిసింది. మరి మీ చేతికి కుదిరింది ఆవిడకి ఎలా సరిపోతుంది?"

"మా ఇద్దరి చేతులూ ఒకటే కొలత. తను నిద్రపోతుంటే కొలిచి చూశాను. చుట్టి ఇవ్వండి. ఇది చేతిలో పెడితే మాట్లాడుతుంది."

"మాట్లాడరు."

"అలా అనకండి!"

"ఆవిడకి పిడి ఉందండీ. కోసిన రెండు ముక్కలూ సంచిలో వేసుకుని తొమ్మిది రోజుల కిందట ఇక్కడికే వచ్చారు. ఆ పాతది చేసింది కూడా నేనే. కొత్తది చేతికిచ్చాను. మిమ్మల్ని తిట్టడం మొదలుపెట్టి ఐదు నిమిషాల్లో మరిచిపోయారు."

"ఇంట్లో ఎక్కడా కనబడలేదే!"

"రోజూ ఇక్కడే పెట్టి వెళ్తున్నారు. ఇంట్లో రంపం ఉందిగా అన్నారు."

"అయితే కొత్త పిడి వచ్చేసింది. కోపం మాత్రం పోలేదా?"

"కోసినందుకు కోపం ఇక్కడికొచ్చిన రోజే పోయింది. 'నేను చొక్కా చెయ్యి కోశాను, ఆయన దీన్ని కోశాడు, చెల్లుకి చెల్లు' అని నవ్వారు కూడా."

"నవ్విందా? మరి ఇంకా గోడతో ఎందుకు?"

"నేనూ అదే అడిగాను. పాపం పొరపాటున కోశాడు కదమ్మా, ఇంక మాట్లాడొచ్చుగా అన్నాను."

"ఏమంది?"

"ఆ రెండు ముక్కలూ తీసి ఈ బల్ల మీద, పక్కపక్కనే పెట్టారు. 'పొరపాటున కోసేవాడు ముందు సుద్దముక్కతో గీత గీసుకుంటాడా మేస్త్రీ గారూ?' అన్నారు."