మీటింగుకి దింపిన బొండాలు

"నాయనమ్మా, తాతగారు కొబ్బరికాయల దింపు ఎందుకు మానేసేరు?" అంటావేంటమ్మడూ. మానలేదు, మాన్పించేరు.

మామిడికుదురు దగ్గిర సొసైటీ వాళ్ళ కొబ్బరితోట ఉండేది. అందులో కాయ దింపేది మీ తాతగారూ, ఆయన ఈడు వాళ్ళూను. మీ నాన్న టెన్తు తప్పిన యేడు... కాదు కాదు, పాసైన యేడే. యాభై అయిదు దాటినోళ్ళు చెట్టెక్కకూడదు, పడితే ప్రాణం పోద్ది అని రూలు తెస్తన్నారన్నారు. అదీ నిజవేలే. మా చెల్లెలి మావగారు అలాగే పడి, మంచంలోనే పోయేరు పాపం. కానీ పని తీసేస్తే తిండేదీ? కింద కాయ ఒలిచే పనైనా ఇమ్మని అడగాలి గదా. ఆఫీసరుగారొచ్చి మీ మాట కూడా వింటారన్నారు. అందరూ కలిసి మీ తాతగార్ని మాట్లాడమన్నారు. ఇంక అన్నం దగ్గిర కూడా అదే వల్లింపు. వినీ వినీ నాకూ కంఠతా వచ్చేసింది.

ఆవేళ తోటలోనే బల్లలేసేరు. జీపు దిగేరో లేదో, సొసైటీ ప్రెసిడెంటుగారు "ఒరే, అయ్యగారికి లేత బొండాలు దింపరా" అన్నారు మీ తాతగారితో. మన వైపు వచ్చినోళ్ళకి బొండం కొట్టివ్వకుండా మాట మొదలెడతారా, నువ్వే చెప్పు? కుర్రాళ్ళా, అవతల తోటలో పనికెళ్ళేరు. ఆయన "ఆయ్" అని కాళ్ళకి బందం వేసుకుని ఎక్కేసేరు.

ఆయన పైనుండగానే రూలు చదివేసేరమ్మా. "పెద్దోళ్ళెవరైనా మాట్లాడతారా?" అని ఆఫీసరుగారు అడిగేరు. అడగలేదంటే అబద్ధవవుద్ది. మేవందరం తలెత్తి చెట్టు మొవ్వు కేసి చూసేం. ఆ గాలికి ఆయనకేం వినపడుద్ది? నేను లేవబోతే మా ఆడబడుచు కొంగు పట్టి కూర్చోబెట్టేసింది. "అభ్యంతరం లేదండి" అన్నారు ప్రెసిడెంటుగారు. చప్పట్లు కొట్టేరు. ఆ చప్పట్లు మటుకు వినపడ్డాయంట. మీటింగు ఇప్పుడే మొదలైందనుకుని గబగబా దిగేరు.

ఆఫీసరుగారు బొండం తాగి, "తియ్యగా ఉందయ్యా" అని జీపెక్కేసేరు. ముసలోళ్ళు చెట్టెక్కకూడదని చెప్పడానికొచ్చినాయనకి, ముసలాయనే ఎక్కి తెచ్చిన బొండం! ఒక్కడికీ తోచలేదు. ఇప్పటికీ ఒళ్ళు మండుద్ది నాకు.

ఒలిచే పనీ ఇవ్వలేదు, దానికీ కుర్రాళ్ళనే పెట్టుకున్నారు. మీ తాతగారు పొద్దున్నే బందం భుజానేసుకుని గుమ్మం దాకా వెళ్ళేవోరు, మళ్ళీ వెనక్కొచ్చి కూలబడేవోరు. ఎవరికి చెప్పుకుంటావు? అలా కూర్చునే పోయేరు.

సోమవారం ఉద్యోగంలో చేరతన్నావు గదా తల్లీ, చల్లగా ఉండు. నిన్ను నాలుగు మాటలు చెప్పమని పిలిచి, ముందు అందరికీ టీ పట్రమ్మా అన్నారనుకో... లేవకమ్మా. అక్కడే కూర్చో.