బస్సును ఆపిన పిల్ల

ద్వారక మెట్రో స్టేషన్‌లో, నర్సు యూనిఫారం కూడా మార్చుకోని తల్లి, పన్నెండేళ్ల కూతురు బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

“టీసీ ఇచ్చేశారా మమ్మీ?”

“ఇచ్చేశారు. ఇది మూడో స్కూలు. ఇలా అయితే ద్వారకలో అన్ని సెక్టార్ల స్కూళ్లూ అయిపోతాయి.”

“నేనేం తప్పు చేశాను? బ్రేకులు ఫెయిలై స్కూలు బస్సు గోడ మీదకి పోతుంటే, దూరం నుంచి చెయ్యి చాపి ఆపాను. లోపల నలభై మంది ఉన్నారు.”

“ప్రిన్సిపాల్‌కీ తెలుసమ్మా. ముట్టుకోకుండా బస్సునే ఆపిన పిల్లకి రేపు కోపమొస్తే మా పిల్లలేమైపోతారని పేరెంట్స్ భయపడుతున్నారంట. నిన్ను తీసేయమని అందరూ సంతకాలు పెట్టారు.”

“రిద్ధిమా వాళ్ల మమ్మీ కూడానా? రిద్ధిమా ఆ బస్సులో ముందు సీట్లోనే ఉంది.”

“ఆవిడా పెట్టింది. నా మొహం మాత్రం చూడలేకపోయింది.”

“అచ్ఛా.”

“ఏడవకే.”

“ఏడవట్లేదు, విసుగొస్తోంది. ఇంకోసారి బస్సు అలా పోతే చూడనట్టు ఊరుకోనా మమ్మీ? కొత్త స్కూలైనా మిగులుతుంది.”

తల్లి టీసీ మడిచి బ్యాగులో పెట్టుకుంది.

“వద్దు. నువ్వు బస్సు ఆపు. స్కూళ్లు నేను వెతుకుతాలే.”