ఎర్రయ్య వాన

ఏటన్నావురా శివాజీ? మళ్ళీ అను. ఫోన్‌లో ఎండ బొమ్మ చూపించిందని బట్టలు ఆరేశావు, వానొచ్చి తడిపేసింది. అంతవరకూ సరే. దానికేటి పేరు పెట్టావు? 'ఎర్రయ్య వాన' అన్నావు కదూ? నవ్వకు. మీ నాన్న దగ్గర నేర్చావా ఆ మాట? వాడు అంటాడు, నాకు తెలుసు. ఇక్కడ మన తెలుగోళ్ళందరికీ అలవాటే. మాటిచ్చి తప్పినవాడిది ఎర్రయ్య వాన, టైముకి రాని బండి ఎర్రయ్య వాన. ఆ ఎర్రయ్య ఎవరో తెలుసా మీకు? ప్రత్యూషా, నీకు? తెలీదు. ఎలా తెలుస్తుందిలే, ముత్తాత పేరు ఏ స్కూలు ఫారంలోనూ అడగరు. మీ తాతని కన్న తండ్రి ఆయన. మీ నాన్నకి తెలుసు, తెలిసే నవ్వుతాడు. తప్పు ఆయనదే అని వాడూ అనుకుంటున్నాడు. ఆ బకెట్ అక్కడ పెట్టి ఇలా కూర్చోండి ఇద్దరూ. బట్టలు ఎలాగూ తడిసిపోయాయి. మీకెవరూ చెప్పలేదు, చెప్పాల్సిందాన్ని నేను, యాభై ఏళ్ళు చెప్పలేదు.

ఆయన కీమాన్. అంటే ఏటో తెలుసా? భుజం మీద సుత్తి, చేతిలో పానా, రోజూ పట్టాల వెంట మైళ్ళు నడవాలి, వదులైన చోటల్లా కొట్టి బిగించుకుంటూ పోవాలి. ఎండైనా వానైనా అదే డ్యూటీ. పాలకొండ దగ్గర పల్లెనించి వచ్చినవాడు, చదువు లేదు, జీతం రోజున వేలిముద్రే. కాని పైన ఆకాశం ఉంది చూశావా, దాన్ని మాత్రం చదివేవాడు. జోస్యం చెప్పేవాడనుకునేరు, కాదు. చూసేవాడు, అంతే. చీమలు గుడ్లు నోట కరుచుకుని పట్టా కిందనించి గట్టెక్కుతున్నాయా, తూనీగలు మోకాలెత్తున తిరుగుతున్నాయా, పిచ్చుకలు దుమ్ములో పొర్లుతున్నాయా. అప్పుడన్నీ బొగ్గు ఇంజన్లు. షెడ్‌లో పొగ పైకి పోకుండా కప్పుల మీద వాలిందంటే ఈయన గొడుగు తీసి గుమ్మంలో పెట్టేవాడు. గాలి తూర్పుకి తిరిగితే ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు నడుస్తున్నవాడల్లా ఆగిపోయేవాడట. లైను పక్క పొలాల్లో ఛత్తీస్‌గఢీ రైతులు నాగలి ఆపి అడిగేవారు, "కకా, పానీ గిరహీ కా?" అని, బాబాయ్ వాన పడుతుందా అని. ఈయనకి వాళ్ళ భాష పెద్దగా రాదు. పైకోసారి, కిందకోసారి చూసి వేళ్ళు చూపించేవాడు. రెండు వేళ్ళంటే రెండ్రోజులు. పిడికిలి మూస్తే లేదు. వాళ్ళు నమ్మేవారు. మన కాలనీ ఆడవాళ్ళు వడియాలు పెట్టాలన్నా, పెళ్ళివారు పందిరి వెయ్యాలన్నా ముందు ఈయన గుమ్మంలోకే. అప్పుడప్పుడూ తప్పేది కూడా, మనిషే కదా. తప్పితే దాచేవాడు కాదు. "నాను సరిగ్గా సూల్లేదర్రా" అని తనే చెప్పేసేవాడు. ఆ గుణమే ఆయన కొంప ముంచింది, ఉండండి, అక్కడికి వస్తాను.

ఆ ఇంటికి కోడలుగా వచ్చింది చిన్నమ్మి. ఏటే ప్రత్యూషా? అవును, నేనే. నా పేరేనని నీకు తెలుసు, రేషన్ కార్డులో చదివావు. కాని ఆ పిల్లని 'నేను' అనడానికి నాకు నోరు రాదమ్మా. చిన్నమ్మి అనే చెప్తాను, అలాగే వినండి. చిన్నమ్మి పెరిగింది శహడోల్ వైపు ఒక చిన్న స్టేషన్లో. వాళ్ళ నాన్న పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. చుట్టుపక్కల తెలుగిల్లు అదొక్కటే. ఇంట్లో తెలుగంటే ఎంత? తిను, లే, పడుకో, నీళ్ళు తోడు. మిగతా లోకమంతా హిందీ. పందొమ్మిదేళ్ళకి పెళ్ళయి బిలాస్‌పూర్ వస్తే, ఇక్కడ కాలనీ నిండా శ్రీకాకుళం తెలుగు. సగం మాటలు తలకెక్కవు. వచ్చిన వారానికే పక్క క్వార్టర్ అచ్చియమ్మ బియ్యం చెరుగుదామని, "ఒలే, ఆ సేట ఒకసారి తే" అంది. ఆవిడ అడిగింది చేట. ఈ పిల్లకి 'సేఠ్' అని వినిపించింది. పరిగెట్టుకెళ్ళి మూల కిరాణా కొట్టు సేఠ్‌ని తీసుకొచ్చింది! ఆయన పాపం చేతులు తుడుచుకుంటూ వచ్చి, "క్యా హువా బహన్‌జీ?" అంటే, కాలనీ కాలనీ నవ్వు. నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. నెల్లాళ్ళు 'హిందీ కోడలు' అని ఏడిపించారు. ఆనాటి నించి చిన్నమ్మి ఏ మాటకీ అర్థం అడగడం మానేసింది. తెలిసినా, తెలీకపోయినా ఒకటే జవాబు. అచ్ఛా. అచ్ఛా అంటే ఎవరూ నవ్వరు కదా.

ఆ ఏడు జూన్‌తో మావయ్యకి, అదే మీ ముత్తాతకి, రిటైర్మెంటు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అత్తగారు అప్పటికే లేరు. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో ఆయన సొంతానికి కొనుక్కున్నదొక్కటే, తిఫ్రాలో ఈ కాస్త నేల. అవును, మనం కూర్చున్న నేలే. అప్పుడిక్కడ ఏటుంది, పొలాలు, నక్కలు. ఇల్లు కట్టాలి, ఇటుకలు కొనే తాహతు లేదు, తనే కోసుకుందామనుకున్నాడు. చలికాలమంతా అదే పని. డ్యూటీ దిగడం, సైకిలెక్కి ఇక్కడికి రావడం, మట్టి తొక్కడం, ఊక కలపడం, అచ్చులో కొట్టడం. పక్క క్వార్టర్ గిరిబాబు, అదే, అచ్చియమ్మ మొగుడు, సాయం వచ్చేవాడు. చిన్నమ్మి నీళ్ళు మోసేది. మీ తాత సూర్యం ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్, ఇంజనెక్కితే రెండేసి రోజులు ఇంటికి రాడు. అలా ఎనిమిది వేల ఇటుకలు లేచాయి, అన్నీ పచ్చివే. ఎండాక బట్టీ పేర్చి హోలీ వెళ్ళగానే కాల్చాలని లెక్క. కాలిస్తే రాయి. కాల్చకుండా తడిస్తే మళ్ళీ మట్టి. అందుకని మావయ్య ముందే ఏర్పాటు చేశాడు. గట్టు మీద గడ్డీ, రెండు టార్పాలిన్లూ పెట్టించి, "నాను డ్యూటీలో ఉండగా వోన గుర్తు కనిపిస్తే నీకు సెప్తాను కోడలా. నువ్వు ఎల్లి గిరిబాబుకి సెప్పు. ఇద్దరూ ఎల్లి కప్పీయండి. గంట పని" అన్నాడు. దానికీ అచ్ఛా అంది. అది మాత్రం నిజంగా అర్థమయ్యే అంది, దేవుడి సాక్షిగా.

హోలీ రెండ్రోజులుందనగా, లైను మీద పని పడిందని దీపాలు పెట్టే వేళకి గ్యాంగ్ మొత్తాన్ని పిలిచారు. ఆ రోజే మన కాలనీ పోలమ్మ గుడిలో సంబరం. గుడి లైనుకి అవతల, చాలా దూరం. చిన్నమ్మి కొత్త చీర కట్టుకుని పళ్ళెంలో పసుపూ కుంకుమా సర్దుకుంటోంది. మావయ్య సుత్తి భుజాన వేసుకుని వాకిట్లోకి దిగాడు, పైకి చూశాడు, కాసేపు అలాగే నిలబడ్డాడు. బయట ట్రాలీ దగ్గర నించి వాళ్ళు కేకలేస్తున్నారు. వెనక్కి తిరిగి, "కోడలా, గుడి బాగా దూరంగా కట్టీసింది. తెలిసింది కదా?" అన్నాడు.

చూశారా, మీ ఇద్దరి ముఖాలూ ఎలా ఉన్నాయో. చిన్నమ్మి ముఖమూ అలాగే ఉండి ఉంటుంది. మన దేశంలో, అంటే ఆ పాలకొండ వైపు, చంద్రుడి చుట్టూ పొగలా ఒక వలయం కడుతుంది చూడండి, దాన్ని గుడి అంటారు. వరదగుడి. చంద్రుడికి దగ్గరగా చిన్నగా కడితే వాన దూరం. పెద్దగా, దూరంగా కడితే వాన దగ్గర. దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన. అక్కడ పాలు తాగే గుంటకి, అంటే పసిపిల్లకి కూడా తెలిసిన మాట. అందుకే ఆయన సగం చెప్పి ఊరుకున్నాడు. మిగతా సగం ఎవరికైనా దానంతట అదే వస్తుందనుకున్నాడు. చిన్నమ్మికి గుడి అంటే ఒకటే, మందిర్. గుడి దూరంగా కట్టారు, ఆడపిల్లవి, చీకటి వేళ ఒక్కదానివీ పోకు అంటున్నాడనుకుంది. సంబరానికి వెళ్ళొద్దంటున్నందుకు లోపల బాధేసింది కూడా. అయినా పెద్దాయన మాట. "అచ్ఛా మావయ్యా" అంది. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఈ పిల్ల పళ్ళెం తీసి అల్మారా మీద పెట్టి, కొత్త చీర మార్చుకుని, తలుపేసుకుని కూర్చుంది. మావయ్య మాట జవదాటలేదని గర్వం ఒకటి! వాకిట్లోకి వచ్చి ఒక్కసారి తల పైకెత్తి ఉంటే, ఏటిదీ అని ఎవరినైనా అడిగేదేమో. ఎత్తలేదు.

రేకుల మీద మొదటి చినుకులు పడ్డాక గిరిబాబు వచ్చి తలుపు కొట్టాడు. సగం దారిలోనే కుండపోత. ఇక్కడికి చేరేసరికి గడ్డి ఎగిరిపోయింది, టార్పాలిన్ గాలికి నిలవదు. చెయ్యి వేస్తే ఇటుక చేతిలోకి వచ్చేస్తోంది, ముద్దలా. అదంతా ఇప్పుడెందుకులెండి. ఆ రాత్రి చలి ఒకటి.

తెల్లారి మావయ్య పని నించి ఇటే వచ్చాడు. గట్టు మీద కాలనీ మనుషులు పదిమంది ఉన్నారు. గిరిబాబు తిట్లు మొదలెట్టాడు, "ఏటి మావా, ఊరందరికీ చెప్పేవాడివి, నీ ఇటుకల దగ్గర కళ్ళు పోయాయా? సాయంత్రం ఒక్క మాట నా చెవిన వేస్తే గంటలో కప్పేవాణ్ణి కదా!" అని. తప్పు కాదు, వాడి చేతులు కూడా ఆ మట్టిలో ఉన్నాయి. మావయ్య చిన్నమ్మి కేసి చూశాడు. ఆ పిల్లకి ఏడుపు. దగ్గరికి వెళ్ళి, ఆయనకొక్కడికే వినబడేలా, "మీరు గుడి దూరం అన్నారని నేను గుడికి కూడా వెళ్ళలేదు మావయ్యా" అంది. ఆయన తలెత్తి చూశాడు. కళ్ళల్లో ఏదో కదిలింది. కోపమనుకుంది చిన్నమ్మి. కాదు. అప్పుడర్థమైంది ఆయనకి. వెనకనించి అచ్చియమ్మ, "ఏటే హిందీ కోడలా ఆ గొణుగుడు? ఏటంటన్నావు?" అంది. ఆ పిల్ల నోరు తెరవబోయేలోగా మావయ్య అడ్డమొచ్చి నిలబడ్డాడు. "అదేటీ అన్లేదు. నానే సూల్లేదు. పనిలో పడి మబ్బు సూల్లేదు. నా లెక్క తప్పిపోనాది" అన్నాడు.

అందరూ నమ్మారు. నమ్మరా మరి, ఎప్పుడు తప్పినా తనే ఒప్పుకునేవాడాయె. ఎర్రయ్య వాన అని పేరు పెట్టింది అచ్చియమ్మే. ముందు వెటకారంగా, తరవాత అలవాటుగా. పోనుపోనూ వడియాలవాళ్ళు రావడం మానేశారు. పందిళ్ళవాళ్ళు పంచాంగం చూపించుకున్నారు. పొలాల్లో రైతులు మాత్రం అడుగుతూనే ఉండేవారట, కకా, కకా అని. ఈయన చెయ్యి ఊపేసి పోయేవాడు, వేళ్ళు చూపించేవాడు కాదు. జూన్‌లో క్వార్టర్ వదిలి సిర్గిట్టిలో అద్దె గదికి పోయాం. రెండేళ్ళున్నాడు అక్కడ. కారే గది. సొంత ఇంట్లో పోలేదు మనిషి. ఈ ఇల్లు తరవాత మీ నాన్న కట్టించాడు, కొన్న ఇటుకలతో. ఆ ఎనిమిది వేలూ ఈ గచ్చు కిందే ఉన్నాయి ఎక్కడో.

ఒక్క మాట కూడా అనలేదు నన్ను. చూశారా, నన్ను అనేశాను. పోనీ. ఒకసారి మాత్రం, పోయే ముందు ఏడాది, సిర్గిట్టి గది ముందు మంచం వాల్చుకుని ఉన్నాడు, పొద్దు అప్పుడే వాలింది. నేను టీ తెచ్చాను. "కోడలా, పైకి సూడు" అన్నాడు. చూశాను. చంద్రుడి చుట్టూ ఇంత పెద్ద వలయం. "ఇదీ గుడి" అన్నాడు. అంతే. ఇటుకల మాట లేదు, ఆ రోజు మాట లేదు. అప్పటిదాకా నాకు తెలీదు కదా ఆయన ఏం చెప్పాడో! నావల్ల ఏదో పొరపాటు జరిగిందని తెలుసు, అదేటో తెలీదు. దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన, అని చిన్నపిల్లకి చెప్పినట్టు మూడుసార్లు అనిపించాడు నా చేత. పాత అలవాటు కొద్దీ "అచ్ఛా మావయ్యా" అన్నాను. ఆయన నవ్వాడు. "అచ్ఛా అనకమ్మా. తెలీకపోతే ఏటి అను. ఏటి అంటే ఎవులికీ ఏటీ అయిపోదు" అన్నాడు.

మీ తాతకి చెప్పలేదు నేను. చెబుదామనుకునే సరికి ఆయన డ్యూటీలో ఉండేవాడు, దిగేసరికి నాకు ధైర్యం పోయేది. తన తండ్రి లెక్క తప్పిందనుకుంటూనే పోయాడు ఆయనా. అచ్చియమ్మ పోయింది, గిరిబాబు పోయాడు. ఇక ఎవరి ముందు సిగ్గుపడాలి? అలిసిపోయానర్రా. ఆ మాట ఎవరి నోట విన్నా తల వంచుకుని లోపలికి పోయి పోయి అలిసిపోయాను. ఇవాళ నీ నోట విన్నాను, మనవడి నోట. ఇంక లోపలికి పోవడానికి చోటు లేదు.

అందుకని వినండి. సాయంత్రం మీ నాన్న వచ్చాక నేనే చెప్తాను వాడికి. వాడి సంగతి నాది. మీ సంగతి మీది. రేపు మీరు ఏ ఊళ్ళో ఉంటారో, మీ పిల్లలు ఏ భాష మాట్లాడతారో నాకు తెలీదు. ఏ భాషలోనైనా సరే, చెప్పండి. ఎర్రయ్య చూశాడు. సరిగ్గానే చూశాడు. చెప్పాడు కూడా. విన్న పిల్లకి మాట తెలీలేదు, తెలీదని చెప్పలేదు. ఇంతే. ఎర్రయ్య వాన అని ఎవరన్నా నవ్వితే, ఇది చెప్పండి వాళ్ళకి. గుడి సంగతీ చెప్పండి, దగ్గరది ఏటో, దూరంది ఏటో. మర్చిపోకుండా చెప్తారు కదా?

ఏటే ప్రత్యూషా? వినపడలేదు.

అచ్ఛా అన్నావా.

సర్లే. ఆ బకెట్ ఇలా తే, బట్టలు పిండాలి.