దయ మీద పుస్తకం రాసిన ఆఫీసరుగారు

మీ తాతగారి గురించా? కూర్చో తల్లీ. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు రా. పుస్తకం మళ్లీ అచ్చు వేయిస్తున్నారా? మంచిదే. కానీ ముందుమాటకి నన్నడిగితే ఏం చెప్పను? నేను ఆయన దగ్గర టైపిస్టుని. పదకొండేళ్లు... కాదు, పన్నెండు. అయిదింటి దాకా సర్కారు కాగితాలు కొట్టేవాణ్ణి, అయిదు దాటాక ఆయన చెబుతుంటే అదే మిషను మీద దేవుడి దయ గురించి కొట్టేవాణ్ణి. "సర్కారు రిబ్బనుతో ఈ మాటలు కొట్టకూడదయ్యా" అని ఇంటినుంచి సొంత రిబ్బను తెచ్చి తనే మార్చేవారు. వేళ్లన్నీ నల్లగా అయిపోయేవి. అంత ఖచ్చితం.

అలాంటి మనిషి... ఎక్కడున్నాను? ఆఁ, రికార్డు రూము చూసే పెద్దాయన. అందరం బాబాయ్ అనేవాళ్లం. ఏ ఫైలు అడిగినా కళ్లు మూసుకుని తీసుకొచ్చేవాడు. ఓసారి ఇళ్ల స్థలాల ఫైలు ఒకటి మాయమైంది. అరలన్నీ దులిపాం, లేదు. పైనుంచి ఒకటే ఒత్తిడి. మీ తాతగారు పిలిచి, "ఎవరికిచ్చావ్?" అన్నారు. "మీ బల్ల మీదే పెట్టానండీ." "నా బల్ల మీదుంటే నాకు కనపడదూ?" అంతే. ఉద్యోగంలోంచి తీసేస్తూ ఆర్డరు. కొట్టింది నేనే. ఆ సాయంత్రమే దయ మీద మూడో అధ్యాయం చెప్పడం మొదలెట్టారమ్మా! గొంతు మారలేదు. నా వేళ్లే తప్పులు కొట్టాయి.

ఏడు నెలలకి, ఎనిమిదేమో, ఆ ఫైలు దొరికింది. ఎక్కడా? మీ ఇంట్లోనే, ఆయన పుస్తకం కాగితాల కట్టలో. ఇంకొకరైతే చింపి పారేసేవాళ్లు. ఆయన పొద్దున్నే దాన్ని రెండు చేతులతో పట్టుకొచ్చి, ఆఫీసు హాలు మధ్యలో నిలబడి, "తప్పు నాది" అన్నారు. పైవాళ్లకీ అదే రాశారు. రావలసిన పెద్ద పదవి అక్కడితో సరి. మీ ఇంట్లో తెలీదూ? చూశావా!

తర్వాత నన్ను వెంటబెట్టుకుని బాబాయ్ ఇంటికెళ్లారు. ఇరుకు మెట్లు, పై వాటా. బాబాయ్ మంచం దిగలేదు. మీ తాతగారు కొత్త ఆర్డరు చేతికిచ్చి, "రేపట్నుంచి వచ్చెయ్. నన్ను క్షమించు" అన్నారు. బాబాయ్ చదివాడు, మడిచాడు. "క్షమించానండీ. రాను." "క్షమించినవాడివి రావాలి కదయ్యా?" "అదేంటండీ, రెండూ వేరు." మెట్లు దిగుతూ మీ తాతగారు ఆగి ఆగి నన్నడుగుతారు, "వేరంటాడేమిటయ్యా?" అని. నాకేం తెలుసు! ఆ తర్వాత పుస్తకానికి ఒక్క ముక్క చెప్పలేదాయన. మీ పుస్తకం మూడో అధ్యాయంతో ఎందుకాగిందంటే, అందుకు.

నాకు అంతుపట్టనిది ఇంకోటుంది. సాయంత్రాలు ఆయన బల్ల సర్ది, పుస్తకం కాగితాలు పోగేసి, దారం కట్టి ఆయన సంచిలో పెట్టేది ఎవరనుకున్నావ్? నేనే. మరి ఆ ఫైలు నా చేతుల మీదుగానే వెళ్లిందా? ఒక్కోసారి ఆ అట్ట గరుకు వేళ్లకి తగిలినట్టే ఉంటుంది. ఒక్కోసారి అస్సలుండదు. "తప్పు నాది" అని ఆయనంటుంటే నేను పక్క బల్ల దగ్గర నిలబడి ఉన్నాను, నోరెత్తలేదు. ఆయనకి తెలుసా? తెలిసే అలా అన్నారా? మెట్ల మీద నన్నెందుకు అడిగినట్టు?

ఇదంతా రాసుకుంటున్నావా? రాసుకో, ఫర్వాలేదు. కాదు, ఆగు... ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా, చలేస్తోంది.