ఏడో రోజు పొయ్యి వెలగని ఇల్లు

సలాం అన్నలారా, అక్కలారా, పాయా రుంబియా ఊరివాళ్లారా! ఈ మసీదు అరుగు మీద ఇంత జనాన్ని పండగనాడు కూడా చూడలేదు. మన గురువు హాజీ మహ్యుద్దీన్ గారు పోయి నేటికి ఏడో రోజు. ఊరికి పెద్దదిక్కు పోయింది. నేను మైమూనాను, మొగుడు పోయాక వరి పండించుకు బతుకుతున్నదాన్ని. నాకు ప్రసంగాలు రావు, దెబ్బలాట వచ్చు. గురువుగారి పక్కన నిలబడినవాళ్లకు అదే ఎక్కువ పనికొచ్చింది!

నా మొగుడు పోయినప్పుడు ఏం జరిగిందో మరిచారా? ఏడో రోజు విందు కోసం నా దున్నపోతును విప్పుకెళ్లడానికి పెద్దలు వచ్చారు. నాకున్నది అదొక్కటే. దాన్ని కోస్తే పొలం ఎవరు దున్నాలి? అడిగే ధైర్యం నాకెక్కడిది? అప్పుడొచ్చారు గురువుగారు. పలుపు పట్టుకుని, "ఈ ఇంట్లో ఒక చావు చాలదా మీకు? ఏడ్చే ఇంటికి ఇరుగుపొరుగు వండి పెట్టాలన్నది మన ప్రవక్త మాట. మీరేమో ఆ ఇంట్లోనే బాసింపట్లు వేసుకుని తింటారా?" అని గద్దించారు. కాసేపటికి ఆయన భార్య జహరా వదిన అన్నం, చేపల పులుసు పట్టుకొచ్చింది.

మరి ఊరు ఊరుకుందా? "కైరోలో నాలుగు ముక్కలు చదివొచ్చి మనకే చెప్తాడా!" అంది. ఆయన వెనక నమాజుకు నిలబడటం మానేసింది. నేను బాధపడితే ఆయన నవ్వారు. "పోనీలే మైమూనా, మసీదులో ఇప్పుడు గాలి బాగా ఆడుతోంది" అన్నారు.

తర్వాత జిల్లాను ఏలే ఇంగ్లీషు దొర వచ్చాడు. బీడు పడ్డ పొలాలన్నీ రబ్బరు కంపెనీకి ఇచ్చేస్తానన్నాడు. "మీ మలయా వాళ్లు పుట్టు సోమరులు" అన్నాడు. గురువుగారు ఆయన్ని నా గట్టు మీదికి తీసుకెళ్లి, పచ్చగా ఊగుతున్న వరిని చూపించి, "ఇది సోమరి చేసిన పనేనా దొరా?" అని అడిగారు. అప్పుడు గురువుగారు మనవైపు తిరిగారు. "దొర తుపాకీ తేలేదర్రా! దున్నే పశువును మనమే కోసుకు తిని, చేతులు కడుక్కుని, పొలాన్ని ఆయన చేతిలో పెడుతున్నాం. మన జాతి బాగుపడాలంటే అర్జీల కంటే ముందు మన వంటిళ్లు చూసుకోండి" అన్నారు. ఎంతమందికి కాలిందో ఆ మాట! అయినా ఒక్కో ఇల్లే మారింది. పొలాలు నిలిచాయి. ఆడపిల్లలు ఆయన పెట్టిన బడికి వెళ్లారు.

కానీ నిన్న? గ్రామపెద్ద మత్ సమాన్ అన్న తన దున్నపోతును జహరా వదిన ఇంటికి తోలుకొచ్చాడు. "ఇంత గొప్ప మనిషికి విందు లేకపోతే ఊరి పరువేం కావాలి?" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. చాలామంది తలలూపారు. ఆయన పోయిన వారానికే ఆయన మాట కూడా పోతుందా అనుకున్నాను. వదిన గుమ్మంలోకి వచ్చి, "అన్నా, ఆయన్ని పొగడండి, ఎంతైనా పొగడండి. ఓడించకండి" అంది. మత్ సమాన్ అన్న కళ్లు తుడుచుకుని దున్నపోతును వెనక్కి తోలుకుపోయాడు.

ఈ ఉదయం అన్న భార్య వెదురు కొమ్ముల కూర తెచ్చింది. ఆమె వెనక ఎవరొచ్చారు? ఊరు ఊరంతా వచ్చింది! గిన్నెలు పెట్టడానికి వదిన ఇంట్లో చోటు లేదు. నేను భోరున ఏడ్చాను, సంతోషం పట్టలేక. ఇది దొర దయతలచి ఇచ్చింది కాదు, సుల్తాను రాసిచ్చింది కాదు. మనం మనకు చేసుకున్న మేలు.

ఇక అందరూ లేచి నిలబడండి. ఎవరికి వారు, మాట లేకుండా, ఆయన కోసం దువా చేసి అల్లాను వేడుకుందాం. అయ్యాక తిన్నగా పొలాలకు పోండి, నాట్లు ఆగకూడదు. ఇక్కడ ఎవరికీ భోజనం లేదు.

లేవండి, మన గురువు గెలిచారు.