బకెట్లో నానబెట్టిన తువ్వాలు

తేది: 13-06-2025, శుక్రవారం, ఉదయం 11 గంటలు.

నా పేరు రాఘవేందర్. తండ్రి పేరు ఎంకయ్య. వయసు 27 ఏళ్లు. స్వస్థలం మహబూబ్‌నగర్ జిల్లా. ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. అశోక్ నగర్‌లో ప్రభావతి గారింట్లో రెండో అంతస్తు గదిలో కిరాయికి ఉంటున్నాను. మా జిల్లావాడే అయిన కురుమూర్తి, 26 ఏళ్లు, రెండేళ్లుగా నాతోపాటు అదే గదిలో ఉంటున్నాడు.

11వ తేదీన ఈ పోలీసు స్టేషన్‌లో నేను మీకిచ్చిన వాంగ్మూలంలో, సోమవారం పొద్దున నేను లేచేసరికి కురుమూర్తి గదిలో లేడని చెప్పాను. అది అబద్ధం.

జనవరి నుంచి అతని మీద నాకు అనుమానంగా ఉంది. పిలిస్తే పలికేవాడు కాదు. ఒక్కోసారి మాత్రం పలికేవాడు. పొద్దున ముఖం కడిగాక వాష్‌బేసిన్‌లో రక్తపు చారలు ఉండేవి. అడిగితే, "వేడి చేసిందన్నా" అనేవాడు. మే నెల ఎండల్లోనూ మెడకు మఫ్లర్ చుట్టుకునేవాడు. మంగళవారాల్లో గ్రంథాలయానికని బయలుదేరేవాడు, కాని చిక్కడపల్లి గ్రంథాలయంలో అతని కుర్చీ ఖాళీగా ఉండేది. మే 27న అతని వెనకే వెళ్లాను. నారాయణగూడలో ఒక స్కానింగ్ సెంటర్ దాకా వెళ్లాక జనంలో కనబడకుండా పోయాడు. నా నోట్సు ఇంకెవరికో జిరాక్సు తీసి ఇస్తున్నాడని అనుకున్నాను. అదే అనుకున్నాను, ఇంకేమీ అనుకోలేదు.

9వ తేదీ, సోమవారం, ఉదయం 7.20కి నా పాలిటీ నోట్సు కనబడలేదు. కురుమూర్తి కిటికీ వైపు తిరిగి చొక్కా మడత పెడుతున్నాడు. నేను అతనికి ఎడమ పక్కన ఉన్నాను. "నా నోట్సేడ పెట్టినవ్?" అని అడిగాను. తిరగలేదు. మళ్లీ అడిగాను. తిరగలేదు. మూడోసారి అడిగి, భుజం పట్టి తిప్పి చెంప మీద కొట్టాను.

అతను నా ముఖంలోకి చూసి, "ఏమన్నవన్నా? మళ్ల చెప్పు" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. ఇంకోసారి చెయ్యెత్తాను, కాని అప్పటికే ముక్కులోంచి రక్తం మొదలైంది. ఎడమ ముక్కులోంచే వచ్చింది. నోట్లోంచి కూడా వచ్చింది. నా తువ్వాలు ఇచ్చాను. అది మొత్తం తడిసిపోయింది. తువ్వాలు నా చేతిలో పెట్టి, చొక్కా ముఖానికి అదుముకుని మెట్లు దిగిపోయాడు. అతని ఫోను మంచం మీదే ఉండిపోయింది. నేను వెనక వెళ్లలేదు. తువ్వాలు బకెట్లో నానబెట్టాను. ఫోను మోగుతుంటే ఆపేశాను.

పోయిన నోట్సు నేనే గ్రంథాలయంలో మరిచిపోయాను. 10వ తేదీన అక్కడి ఉద్యోగి ఇచ్చాడు. తీసుకున్నాను. అప్పుడు కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు. మరునాడు అతని అక్క ప్రేమ వచ్చి, "మా తమ్ముడేడి?" అని అడిగింది. తెలియదన్నాను. ఆమే మీ దగ్గరికి వచ్చి ఫిర్యాదు ఇచ్చింది.

12వ తేదీన మీరు గది సోదా చేసి ఆ తువ్వాలు పట్టుకున్నారు. నేనే ఏదో చేశానన్నారు. నాకూ అలాగే అనిపించింది. తర్వాత అతని భూగోళశాస్త్రం పుస్తకంలో క్యాన్సర్ ఆసుపత్రి చీటీ దొరికింది. మధ్యాహ్నం 2 గంటలకు మీరు, ప్రేమ, నేను అక్కడికి వెళ్లాం. కురుమూర్తి సోమవారం నుంచి అక్కడి వార్డులోనే ఉన్నాడు. ఎడమ ముక్కు నిండా గుడ్డ కుక్కి ఉంది. ముక్కు వెనక, గొంతుకు పైన గడ్డ ఉందని, అది చాలా నెలలుగా పెరుగుతోందని, మెడకు కూడా పాకిందని డాక్టరు గారు చెప్పారు. నేను పక్కకు పిలిచి అడిగితే, చెంపదెబ్బతో వచ్చేది కాదన్నారు. రక్తం అంతగా కారడానికి దెబ్బ కారణం కావచ్చునని కూడా అన్నారు.

కురుమూర్తి నాతో, "ఎడమ చెవి హోరుమంటది. జనవరి నుంచి ఇనస్తలేదన్నా" అన్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు మా అక్కకు ఫోన్ చేస్తవ్. చదువు బంద్ పెట్టి ఇంటికి రమ్మంటది. గడ్డ ముక్క కోసి పరీక్షకు పంపిండ్రు. రిపోర్టు వచ్చినంక చెప్దామనుకున్న."

ప్రేమ మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. నావైపు చూడలేదు. మీరు కురుమూర్తిని, "ఇతను నిన్ను కొట్టిండా?" అని అడిగారు. "లేదు సార్. నాకు ఊకనే రక్తమొస్తది" అన్నాడు. మీరు రెండోసారి అడిగారు. లేదనే అన్నాడు. బయటికి వచ్చాక మీరు నాతో, ఇక పని లేదు, వెళ్లిపొమ్మన్నారు.

ఈరోజు నన్నెవరూ పిలవలేదు. నేనే వచ్చాను. కొట్టలేదని కురుమూర్తి చెప్పిన మాట నిజం కాదు. నేను కొట్టాను. ఆ సంగతి కాగితం మీద ఉండాలి. పైన రాసినది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఒక్క మాట కూడా తీసేయవద్దని కోరుతున్నాను.

(సంతకం)
రాఘవేందర్